మావాడికి ఈ గ్లాసు సంగతి ఎవరు చెప్పారు?

కాలువగట్టు
జనవరి 19, రాత్రి 9:42

అందరికీ నమస్కారమండీ. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంటి నుంచే ఉద్యోగం కాబట్టి రెండేళ్ళుగా అమ్మానాన్నల దగ్గరే ఉంటున్నాం. మావాడికి ఐదేళ్ళు.

పండక్కి మా చెల్లెలి పిల్లలు వచ్చారు. కనుమ మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ పెరట్లో బువ్వలాట ఆడుకుంటున్నారు. మావాడు నాలుగు లక్కపిడతలు వరసగా పేర్చాడు. తర్వాత కొబ్బరి చిప్ప ఒకటి వెతికి తెచ్చి, ముగ్గుపిండితో గీసిన గీతకి అవతల పెట్టాడు. ఆ గీత వాళ్ళ ఇంటి గుమ్మమట. పిడతల్లో నీళ్ళు పోసేటప్పుడు చెంబు అంచు ఆనించి పోశాడు. చిప్ప దగ్గరకి వచ్చేసరికి మాత్రం చెంబు జానెడు పైకెత్తి పోశాడు. చిప్పకి తగలకుండా!

"అదెవరిదిరా?" అన్నాను.

"దింపు తాతది. మనది కాదు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అంతే."

మా కొబ్బరి తోటలో దింపు తీసే (చెట్లెక్కి కాయలు దింపే) ఆయన రెండు నెలలకోసారి వస్తాడు. ఆయన కోసం పెరటి గోడ గూట్లో ఒక సొట్టపడ్డ స్టీలు గ్లాసు ఉంటుంది. నా చిన్నప్పటి నుంచీ ఉంది. మా అమ్మ ఆయన్ని ఒక్క మాట అనదు. మోకాలు నొప్పి ఎలా ఉందని అడుగుతుంది, ఆవకాయ కట్టి ఇస్తుంది. ఇస్తూనే కాఫీ మాత్రం పైనుంచి పోస్తుంది. ఇన్నేళ్ళూ నాకు కనబడలేదు. కొబ్బరి చిప్ప చూశాకే కనబడింది.

ఒక్క మాట కూడా చెప్పకుండా ఇంత ఖచ్చితంగా ఎలా నేర్చుకుంటారండీ పిల్లలు? మీ ఇళ్ళలో కూడా ఇంతేనా? రెండ్రోజులుగా నాకు అదో రకం టెన్షన్‌గా ఉంది.

---

ఏరియేటర్
జనవరి 19, రాత్రి 10:15

భీమవరం నుంచి. మీ కథ విని నవ్వాలో ఏడవాలో తెలీలేదు గానీ, మావాడి సంగతి చెప్తాను.

నాకు రొయ్యల చెరువులు. మావాడికి ఏడేళ్ళు. మొన్న వాళ్ళమ్మ పళ్ళేనికి నాలుగు వైపులా దారాలు కట్టి నీళ్ళ తొట్టెలో ముంచాడు. అంటే రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే అన్నమాట. కాసేపాగి పైకి లాగి, వాసన చూసి, తల అడ్డంగా ఊపి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "మేత తినలేదండీ... రేటు కూడా పడిపోయిందంట కదా" అని నిట్టూర్చాడు. అచ్చం నేనే. ఆ నిట్టూర్పు నాకంత పొడుగ్గా ఉంటుందని అప్పుడే తెలిసింది.

అక్కడిదాకా బాగానే ఉంది. భోగి నాడు ఏం చేశాడో తెలుసా? పక్కింటి కోడిపిల్ల కాలికి ఐస్‌క్రీం పుల్ల కట్టి, చింతపిక్కలు పందెం కాయించాడు. పైగా "ఇవాళ డేగ మీద కాకి గెలవదు" అంటున్నాడు! తిథులు, వారాలు, ఏ రంగు కోడికి ఏ రోజు కలిసొస్తుంది... వాడికెవరు చెప్పారు? నేనైతే ఎక్కం చెప్పినట్టు చెప్పలేదు. బరి దగ్గర నా పక్కన నిలబడ్డాడంతే.

ఏడో ఎక్కం మాత్రం ఇంతవరకూ రాలేదు వెధవకి.

---

బళ్ళోపంతులు
జనవరి 20, ఉదయం 6:20

పాలకొల్లు ప్రాంతంలో ప్రభుత్వ బడిలో పని చేస్తున్నాను. కాలువగట్టుగారూ, మీరు అడిగిన ప్రశ్నకి అరవై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉందండీ.

1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అక్కడి నర్సరీ బడి పిల్లలు 72 మందితో ఒక పరీక్ష చేశాడు. కొందరు పిల్లల ముందు ఒక పెద్ద మనిషి గాలిబొమ్మని చావగొట్టాడు. సుత్తితో కొట్టడం, తన్నడం, మీద కూర్చుని ముక్కు మీద గుద్దడం, నోటితో ఏవో అరవడం. ఇంకొందరి ముందు పెద్ద మనిషి బొమ్మ జోలికే పోకుండా తన పని తాను చేసుకున్నాడు. మూడో జట్టుకి ఏమీ చూపించలేదు. తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరిగా ఆ బొమ్మ దగ్గర వదిలేస్తే, కొట్టడం చూసిన పిల్లలు ఊరికే కొట్టలేదు. అదే సుత్తి, అదే దెబ్బ, అవే మాటలు.

నాకు ఇంకా పెద్ద విషయంగా అనిపించేది 1965లో ఆయన చేసిన పరీక్ష. ఈసారి సినిమాలో కొట్టినవాడికి శిక్ష పడినట్టు చూపించారు. అది చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. సరే, బుద్ధొచ్చింది అనుకుంటాం కదా? తర్వాత "వాడేం చేశాడో చేసి చూపిస్తే బొమ్మల స్టిక్కర్లు, జ్యూసు ఇస్తాం" అన్నారు. అప్పుడు పిల్లలు చకచకా చేసి చూపించారు. శిక్ష చూసినవాళ్ళకీ, చూడనివాళ్ళకీ మధ్య తేడా దాదాపు చెరిగిపోయింది. అంటే చెయ్యకపోయినంత మాత్రాన నేర్చుకోలేదని కాదు. లోపల అంతా ఉంది, అవసరం వచ్చినప్పుడు బయటికొస్తుంది.

నా సొంత బాధ కూడా చెప్పుకుంటాను. నాలుగో తరగతి పిల్లలు విరామంలో బడి ఆట ఆడుతున్నారు. పంతులు వేషం వేసిన పిల్ల డస్టర్‌తో బల్ల మీద రెండుసార్లు కొట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి (కళ్ళజోడు లేదు, వేళ్ళతోనే), "బుర్రలో ఏముంది, బంకమట్టా?" అంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చెప్పిన పాఠాలేవీ ఆ ఆటలో లేవండీ. డస్టర్ ఒక్కటే ఉంది.

---

లంకపిల్ల
జనవరి 20, ఉదయం 8:05

పంతులుగారు చెప్పింది నిజమే. కానీ కాలువగట్టుగారి అబ్బాయి విషయంలో నాకు తట్టిన పరీక్ష వేరు. నేను విశాఖలో సైకాలజీ పీజీ చదువుతున్నాను, మాది ముమ్మిడివరం వైపు లంక.

2005లో విక్టోరియా హోర్నర్, ఆండ్రూ వైటెన్ అనే ఇద్దరు ఒక పెట్టె చేయించారు. లోపల బహుమతి. పెద్దవాళ్ళు ముందు పుల్లతో పెట్టె పైకప్పు చిల్లులో పొడిచి, తర్వాత ముందున్న చిన్న తలుపు తీసి బహుమతి అందుకునేవారు. లోపల కనబడని నల్ల పెట్టెతో చేసినప్పుడు, ఉగాండాలోని చింపాంజీలూ, స్కాట్లండ్‌లోని మూడు నాలుగేళ్ళ పిల్లలూ రెండు పనులూ చేశారు. తర్వాత లోపలంతా కనబడే అద్దం పెట్టె ఇచ్చారు. పైన పొడిచిన పుల్ల లోపల అడ్డుపలకకి తగిలి ఆగిపోతుందనీ, బహుమతికీ దానికీ సంబంధం లేదనీ కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. చింపాంజీలు పొడవడం మానేసి నేరుగా తలుపు తీశాయి. పిల్లలు మాత్రం పొడిచారు. శ్రద్ధగా పొడిచారు.

చింపాంజీకి ఫలితం కావాలి. మన పిల్లలకి పద్ధతి కావాలి. పనికిమాలిన మెట్టుని కూడా వదలరు. పెద్దవాళ్ళు చేశారంటే ఏదో ఉండే ఉంటుంది కదా అన్నట్టు.

జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కనుమ నాడు పదకొండు ఊళ్ళ ఏకాదశ రుద్రుల్ని ప్రభల (వెదురుతో ఎత్తుగా కట్టి అలంకరించిన చట్రాల) మీద తెస్తారు. గంగలకుర్రు ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక కాలువ నీళ్ళలో దిగి దాటిస్తారు. మా మేనమామగారి ఊరు అటే. తీర్థం అయిన వారం దాకా అక్కడి పిల్లలకి అదే ఆట. చీపురుపుల్లలు, రంగు కాగితాలతో ప్రభ కట్టి, నలుగురు మోస్తూ వీధంతా తిరుగుతారు. ఓసారి నేను చూస్తుండగా వాళ్ళకి కుళాయి నీళ్ళు నిలిచిన గుంట అడ్డొచ్చింది. పక్కనే పొడి నేల ఉంది. ఒక్కడూ పక్కకి వెళ్ళలేదు! నిక్కర్లు పైకి మడుచుకుని గుంటలో దిగి, ప్రభని తల పైకెత్తి దాటించారు. వాళ్ళ లెక్కలో నీళ్ళలో దిగకపోతే అది ప్రభే కాదు.

మీవాడు చెంబు జానెడు పైకెత్తడం కూడా అలాంటిదే. వాడికి దాంట్లో చిన్నచూపు ఇంకా లేదు. పద్ధతి మాత్రమే ఉంది.

---

కాలువగట్టు
జనవరి 20, ఉదయం 8:31

"ఇంకా లేదు" అన్న మాట దగ్గరే ఆగిపోయానమ్మా.

---

యానాంగాలి
జనవరి 20, మధ్యాహ్నం 1:10

అందరూ తల్లిదండ్రుల్ని బోనెక్కించేస్తున్నారు. కొంచెం ఆగండి.

ముందు ఆ గాలిబొమ్మ సంగతి. అది గుద్దితే పడి మళ్ళీ లేవడానికే తయారుచేసిన బొమ్మ. దాన్ని కొట్టక ముద్దు పెట్టుకుంటారా? పిల్లలకి కోపం అంటుకుందో, ఆట అర్థమైందో ఆ పరీక్షలో తేల్చడం కష్టం. ఈ విమర్శ నాది కాదు, చాలాకాలంగా ఉన్నదే.

రెండోది, మా ఇల్లు చూడండి. మాది యానాం. హైదరాబాద్ వచ్చి పదకొండేళ్ళు. నేనూ మా ఆవిడా ఇంట్లో "ఆయ్", "ఏవండోయ్", "ఎల్లొచ్చేత్తాం" అనే మాట్లాడుకుంటాం. పుట్టినప్పటి నుంచీ రోజూ చెవిన పడేది అదే కదా. మా ఇద్దరు పిల్లలూ "నై", "గట్లనే", "ఏం జేస్తున్నవ్" అంటారు. "ఆయ్" అంటే నవ్వుతారు. అమెరికాలో జూడిత్ రిచ్ హారిస్ అనే ఆవిడ 1990లలో వాదించింది ఇదే. పిల్లలు పెద్దవాళ్ళలా కావాలని చూడరు, తోటి పిల్లల్లా కావాలని చూస్తారు. వలస వచ్చినవాళ్ళ పిల్లల యాసే దానికి సాక్ష్యం అంది. మనవాళ్ళూ ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారనే అన్నారు గానీ, ఆర్నెల్లు ఒకే ఇంట్లో ఉంటే అనలేదు.

కాబట్టి కాలువగట్టుగారూ, మరీ కుమిలిపోకండి. రేపు బళ్ళో పది మంది పిల్లలతో ఒకే చెంబులో నీళ్ళు తాగితే ఆ గీత అదే చెరిగిపోతుంది.

---

బళ్ళోపంతులు
జనవరి 20, మధ్యాహ్నం 2:02

యాస విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ మధ్యాహ్న భోజనం దగ్గర ఒక్కరోజు వచ్చి నిలబడండి. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడండి. సావాసం ఎవరితో చెయ్యాలన్నది ఇంట్లో నేర్చుకునే వస్తున్నారు మాస్టారూ.

---

పూతరేకు
జనవరి 20, రాత్రి 7:48

నాకు పుస్తకాల సంగతి తెలీదు. మాది ఆత్రేయపురం. మా ఇంట్లో మూడు తరాలుగా పూతరేకులు తీస్తున్నాం. లంకపిల్ల చెప్పిన "పనికిమాలిన మెట్టు" అన్న మాట మీద నాకు కాస్త అభ్యంతరం ఉందమ్మా.

రేకు తియ్యడం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. నూనె గుడ్డతో కుండ తుడుస్తారు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఒక్కసారి లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు ఆరిపోతుంది, అంచు పట్టుకుని ఎత్తాలి. ఒక్క క్షణం ముందైతే ముద్ద, తర్వాతైతే పొడి. మా నాయనమ్మ ప్రతి రేకూ తీశాక చెవి తమ్మె పట్టుకునేది. గుడ్డ లాగేటప్పుడు మెడ ఎడమవైపు తిప్పేది. నేను ఎనిమిదేళ్ళప్పుడు ఖాళీ కుండ ముందు కూర్చుని అవన్నీ చేసేదాన్ని. చెవి పట్టుకోవడం, మెడ తిప్పడం, అన్నీ. అవన్నీ చేస్తేనే రేకు వస్తుందని నమ్మకం.

పెద్దయ్యాక తెలిసింది. చెవి పట్టుకునేది వేళ్ళు కాలి. మెడ తిప్పేది ఆవిడ కూర్చున్నచోట పొగ అటు నుంచి వచ్చేది కాబట్టి. నేను కూర్చునే చోట పొగ అసలు రాదు. అయినా ఇప్పటికీ తిప్పుతాను. మా అమ్మాయీ తిప్పుతుంది.

కానీ ఒకటి చూడండి. ఎనిమిదేళ్ళ పిల్లకి ఏది అసలు, ఏది కొసరు అని తెలిసేదెలా? మణికట్టు చివర్లో చిన్నగా విదిలించడం కూడా నాకు అప్పట్లో ఊరికే చేస్తోందనిపించేది. అది లేకపోతే రేకు అంచు లేవదు. చెవి పట్టుకోవడం అక్కర్లేదని మానేసి ఉంటే ఆ విదిలింపు కూడా మానేసేదాన్నేమో. పిల్లలు మొత్తం పట్టుకుపోతారు, ఏరుకోవడం తర్వాత. 2023లో మా రేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరూ సంబరపడ్డారు. ఆ గుర్తింపులో మా నాయనమ్మ చెవి తమ్మె కూడా ఉందనుకుంటాను నేను.

---

లంకపిల్ల
జనవరి 20, రాత్రి 8:20

అమ్మా, మీరు చెప్పింది మా మాస్టారు నెల రోజులు చెప్పిన పాఠం కన్నా బాగుంది. నిజంగా.

ఒక్కటి కలుపుతాను. పసిపిల్లలు మరీ గుడ్డిగా కూడా చెయ్యరు. 2002లో పద్నాలుగు నెలల పిల్లల ముందు ఒకావిడ నుదుటితో దీపం నొక్కి వెలిగించింది. చేతులు ఖాళీగా ఉండి కూడా నుదుటితో నొక్కినప్పుడు 69 శాతం మంది పిల్లలు తామూ నుదుటితో నొక్కారు. ఆవిడ దుప్పటి కప్పుకుని రెండు చేతులతో పట్టుకుని ఉన్నప్పుడు 21 శాతమే అలా చేశారు. "పాపం, చేతులు ఖాళీ లేవు కాబట్టి తలతో నొక్కింది" అని లెక్క వేసుకున్నట్టే కదా. కారణం కనబడితే ఆ మెట్టు వదిలేస్తారు. కారణం కనబడకపోతేనే అదేదో ముఖ్యమైందని పట్టుకుంటారు.

---

పెరటిజామ
జనవరి 20, రాత్రి 10:55

ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. వేరే గ్లాసు పెట్టడం శుభ్రత కోసం. బయట పనిచేసి చెమటతో వచ్చినవాళ్ళకి వేరే గ్లాసు ఇస్తే ఏం కొంప మునిగింది? వాళ్ళూ ఏమీ అనుకోరు. ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. ఐదేళ్ళ పిల్లాడి బువ్వలాట పట్టుకుని ఇంత రాద్ధాంతమా?

---

ఏరియేటర్
జనవరి 20, రాత్రి 11:03

నేను రోజూ మోకాలి లోతు చెరువు బురదలో దిగి వస్తానండీ. మా ఆవిడ నాకు వేరే గ్లాసు పెట్టలేదు మరి.

---

దింపువారబ్బాయి
జనవరి 21, ఉదయం 5:50

ఈ వేదికలో చదవడమే తప్ప రాసింది తక్కువ. మా తాత దింపు కార్మికుడు. మా నాన్న దింపు కార్మికుడు. నేను కాకినాడలో బ్యాంకులో గుమస్తాని.

పెరటిజామగారు "వాళ్ళూ ఏమీ అనుకోరు" అన్నారు. అనుకోకపోవడం ఎలా వస్తుందో చెప్తాను.

మూడో తరగతిలో ఉండగా నా క్లాసువాడు పుట్టినరోజుకి పిలిచాడు. అమలాపురం దగ్గర పెద్ద ఇల్లు. అమ్మ కొత్త చొక్కా వేసింది, పెన్సిలు డబ్బా కొని కాగితం చుట్టించింది. ముందు గుమ్మానికి బెలూన్లు కట్టి ఉన్నాయి. నేను ఆ బెలూన్లు చూస్తూనే ప్రహరీ పక్క సందులోంచి తిరిగి పెరట్లోకి వెళ్ళి, అంట్లు తోమే గట్టు పక్కన నిలబడ్డాను. ఎవరూ వెళ్ళమనలేదు. ముందు నుంచి రావద్దని కూడా ఎవరూ అనలేదు. మా నాన్నతో ఏ ఇంటికి వెళ్ళినా అటు నుంచే వెళ్ళాను కాబట్టి ఇంటికి గుమ్మం అంటే నాకు అదే. లోపల కేకు కోస్తున్నారు, పాట వినబడుతోంది. వాడు నన్ను ముందు గుమ్మం దగ్గర వెతుకుతున్నాడట. అంతా అయ్యాక వాళ్ళమ్మగారు ప్లేట్లు కడగడానికి వచ్చి, "ఇక్కడేం చేస్తున్నావురా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

మీ అబ్బాయి వాళ్ళ నాయనమ్మని చూసి చెంబు ఎత్తడం నేర్చుకున్నాడు. నేను మా నాన్నని చూసి దోసిలి పట్టడం నేర్చుకున్నాను. రెండూ ఒకే బడి.

నాన్న తోట యజమానితో మాట్లాడేటప్పుడు భుజం మీద తువ్వాలు చేతిలోకి వచ్చేది. ఆయన తీసేవాడని కాదు, అదే వచ్చేది. నా పెళ్ళి ఫోటోల్లో ఒకటుంది. మా మేనేజరుగారు వేదిక ఎక్కారు. నేను పట్టు కండువా భుజం మీద నుంచి తీసి చేతిలో పట్టుకుని ఉన్నాను. నాకు తెలీదు. ఆల్బం వచ్చాక మా ఆవిడ చూపించింది.

---

వేదిక నిర్వాహకుడు
జనవరి 21, ఉదయం 9:00

చర్చ బాగుంది. వ్యక్తిగత దూషణతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఎవరివో వాళ్ళకి తెలుసు.

---

యానాంగాలి
జనవరి 21, ఉదయం 9:40

దింపువారబ్బాయిగారూ, బళ్ళో ఒకే చెంబు అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిమ్మల్ని ఆ బెలూన్ల గుమ్మం దగ్గర వెతికినవాడు మీ తోటివాడే. పిలిచాడు కూడా. అయినా మీ కాళ్ళు అటు వెళ్ళలేదు. నా యాస లెక్క ఇక్కడ పనిచెయ్యలేదు.

---

లంకపిల్ల
జనవరి 21, ఉదయం 11:25

నిన్న "చిన్నచూపు ఇంకా లేదు" అన్నాను. దాని సంగతి చెప్పాలి.

2017లో అలిసన్ స్కిన్నర్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్, క్రిస్టినా ఓల్సన్ నాలుగైదేళ్ళ పిల్లలకి వీడియోలు చూపించారు. ఇద్దరు ఆడవాళ్ళు. వచ్చినవాళ్ళు ఒకామెని నవ్వుతూ, ముందుకి వంగి పలకరిస్తారు. రెండో ఆమెకీ అవే మాటలు, కానీ మొహం ముడుచుకుని, కాస్త వెనక్కి జరిగి. తిట్టు లేదు, గొడవ లేదు. తర్వాత అడిగితే ఎక్కువమంది పిల్లలకి మొదటామే నచ్చింది. బొమ్మ ఎవరికివ్వాలంటే ఆమెకే అన్నారు. ఇంకా ఘోరం ఏమిటంటే, వీళ్ళ స్నేహితురాళ్ళని చెప్పి వేరే ఇద్దర్ని చూపిస్తే వాళ్ళ విషయంలో కూడా అదే మొగ్గు. మనిషి నుంచి జట్టుకి పాకిపోయింది.

పిల్లలు మన మొహం చదువుతారండీ. భయం కూడా అలాగే. ప్రయోగశాలలో పెరిగిన కోతిపిల్లలకి పాము భయం లేదు. పామును చూసి పెద్ద కోతులు బెదరడం చూశాక వెంటనే వచ్చేసింది. సూసన్ మినేకా 1980లలో చూపించింది ఇది. మా లంకలో వరదకి ఇళ్ళలోకి నీరుకట్టెలు కొట్టుకొస్తాయి. మా తాత వాటిని కర్రతో పక్కకి తోసి మళ్ళీ బీడీ వెలిగించుకునేవాడు. అందుకే మా ఇంట్లో ఎవరికీ ఆ పామంటే లెక్క లేదు. మా హాస్టల్లో బల్లి కనబడితే కేకలు పెట్టేవాళ్ళున్నారు.

---

ఏరియేటర్
జనవరి 21, మధ్యాహ్నం 12:10

బల్లి సంగతి వదిలెయ్యండి గానీ, ఇది విన్నారా? మా ఊరి కాలువ గట్టు మీద కాటన్ దొర విగ్రహం ఉంది. మే 15న ఆయన పుట్టినరోజుకి దండలు వేస్తారు. మా నాన్న అటు వెళ్ళినప్పుడల్లా సైకిలు ఆపి ఓ దండం పెట్టేవాడు, ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే మనకి అన్నం లేదని. నేనూ పెడతాను, బైకు ఆపకుండా. మావాడు స్కూలు ఆటోలోంచి లెంపలు కూడా వేసుకుంటాడు! "ఎవర్రా ఆయన?" అంటే "గుర్రం దేవుడు" అన్నాడు.

నేను చెప్పనూ లేదు, సరిదిద్దనూ లేదు. అన్నం పెట్టినవాడు దేవుడు కాక ఇంకెవరు.

---

కాలువగట్టు
జనవరి 22, రాత్రి 10:30

ఇవాళ అమ్మతో మాట్లాడాను. గొడవ అవుతుందని భయపడ్డాను. అవలేదు. అదే ఆశ్చర్యం.

"ఆ గ్లాసు గూట్లో ఎందుకమ్మా?" అన్నాను. చాలాసేపు బీరకాయ చెక్కు తీస్తూ కూర్చుంది. తర్వాత "నేను కాపురానికి వచ్చేసరికి అక్కడే ఉంది. మీ నాయనమ్మ అందులో పోసేది, నేనూ పోశాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అడిగేదాన్నా అప్పట్లో?" అంది. కాసేపాగి "చిన్నాడు కూడా అలా పోశాడా?" అని అడిగింది. చూపించమంది. చెంబు ఎంత ఎత్తున పట్టుకున్నాడో చేత్తో చూపించాను. తన చెయ్యి కూడా అంత ఎత్తుకి లేపి చూసుకుంది. ఆపైన ఏమీ అనలేదు.

నల్ల పెట్టె, అద్దం పెట్టె అన్నావు కదమ్మా లంకపిల్లా. మా అమ్మ నలభై ఏళ్ళుగా అద్దం పెట్టెనే పొడుస్తోంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను.

గ్లాసు గూట్లోంచి తీశాను. ఏం చెయ్యాలో తెలీక మొక్కలకి నీళ్ళు పోసే బకెట్లో పడేశాను. మావాడు చూసి "దింపు తాత గ్లాసు అందులో వేశావేంటి? తాతకెలా మరి?" అని ఏడుపు మొహం పెట్టాడు.

---

పూతరేకు
జనవరి 23, ఉదయం 6:40

వాడి దృష్టిలో మీరు తాత గ్లాసు లాక్కున్నారు బాబూ. వాడికి జాలి ఉంది, అది చాలు. తీసేస్తే సరిపోదు, దాని బదులు ఏం చేస్తారో వాడి కళ్ళకి కనబడాలి.

---

కాలువగట్టు
మార్చి 17, రాత్రి 9:15

చర్చ పాతబడిపోయిందని తెలుసు. నిన్న మా తోటలో దింపు. వచ్చి చెప్తానని మనసులో అనుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

పొద్దున్నుంచీ మావాడు కాళ్ళకి తువ్వాలు చుట్టుకుని అరుగు స్తంభం ఎక్కబోయి జారుతూనే ఉన్నాడు. ఆయన దిగాక ముందు అరుగు మీదికి రమ్మన్నాను. కుర్చీ వేశాను. రాలేదు. "ఇక్కడ బానే ఉందండీ" అని మెట్టు మీద కూర్చున్నాడు. రెండుసార్లు అడిగాను, మూడోసారి అడగాలంటే నాకే ఇబ్బందనిపించింది. ఆయన తువ్వాలు చేతిలోకి వచ్చింది. దింపువారబ్బాయిగారు రాసింది చదవకపోయుంటే నేను చూసేవాణ్ణే కాదు.

నేను కుర్చీ వదిలేసి ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. నాన్న మాత్రం లోపల టీవీ దగ్గర నుంచి లేవలేదు. అమ్మ కాఫీ తెచ్చింది. నాలుగు గ్లాసులూ ఒకే పళ్ళెంలో, ఒకే రకం గ్లాసులు. వంగి అందించింది. ఆవిడ చెయ్యి కొంచెం వణికింది గానీ అందించింది. ఆయన ఒక్క క్షణం చూసి తీసుకున్నాడు. మావాడు మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చుని పాలు తాగాడు.

బాగానే ఉందనుకున్నాను. కాఫీ తాగాక ఆయన లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, తన గ్లాసు తనే రెండుసార్లు కడిగి, గట్టు మీద బోర్లించి వెళ్ళిపోయాడు. "ఉంచండి, నేను కడుగుతాను" అనే లోపే అయిపోయింది. మా గ్లాసులు మూడూ మెట్టు మీద అలాగే ఉన్నాయి.

ఇవాళ సాయంత్రం మావాడు బువ్వలాట ఆడాడు. ఈసారి కొబ్బరి చిప్ప లేదు. అన్నీ లక్కపిడతలే. గీత కూడా గియ్యలేదు. నాకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. తర్వాత వాడు ఒక్క పిడత తీసి, కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి, రెండుసార్లు కడిగి, గట్టు మీద బోర్లించాడు. మిగతావి వదిలేశాడు.

---

దింపువారబ్బాయి
మార్చి 18, ఉదయం 5:55

మా నాన్న కూడా రెండుసార్లే కడిగేవాడు.

ఈసారి ఆయన లేవకముందే మీరు లేవండి. అన్ని గ్లాసులూ కలిపి మీరే కడగండి. వాడిని పక్కన నిలబెట్టుకోండి.

---

కాలువగట్టు
మార్చి 18, ఉదయం 7:20

ఆయ్. మళ్ళీ దింపు మే నెలలో.